అద్దె గోడ మీద ఎవరి పటం?

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనర్లు చెప్పే షరతులు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. గోడలకు మేకులు కొట్టొద్దు. రంగు మార్చొద్దు. వాకిట్లో సామాను పెట్టొద్దు. చుట్టాలు ఎక్కువ రోజులు ఉండొద్దు. ఆదివారం అనుబంధాల్లో అద్దె ఇంటిని అందంగా పెట్టుకోవటం ఎలా అని రాసేవాళ్లు ఈ షరతుల్ని అట్లాగే తీసుకుని, తెరలు ఏ రంగువి కట్టాలి, కుండీలు ఎక్కడ పెట్టాలి అని చెబుతారు. ఆ వ్యాసాల్లో అద్దెకుండే మనిషికి కులం ఉండదు. ఓనరుకీ ఉండదు. గోడకు అసలే ఉండదు.

మన అనుభవంలో ఈ మూడింటికీ కులం ఉంది. మేకు కొట్టొద్దన్న ఓనరే తను ఇచ్చిన దేవుడి క్యాలెండరు తగిలించుకోవటానికి మేకు చూపిస్తాడు. ఆ పక్కన అంబేడ్కర్ పటం పెడితే గోడ పాడవుతుందంటాడు. పాడయ్యింది గోడేనా, ఇంకేదన్నానా అన్నది ఈ వ్యాసంలో మాట్లాడుకోవాల్సిన విషయం. అద్దె ఇంటి అలంకరణ చిన్న సంగతే. అయితే మన వాళ్లు ఊరి నడుమ, పట్నం నడుమ మనుషులుగా ఎట్లా బతుకుతున్నారో కొలవటానికి ఇంతకంటే దగ్గరి కొలత నాకు కనిపించలేదు.

పల్లెలో గోడ

మాది పెనుగొలను. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం. 2022లో జిల్లాలు విడదీసేదాకా కృష్ణా జిల్లా. మా నియోజకవర్గం తిరువూరు, ఎస్సీలకు రిజర్వు చేసిన స్థానం. అసెంబ్లీ సీటు మనకు రిజర్వు అయినంత మాత్రాన ఊరి నడిబొడ్డున ఒక గది మనకు రిజర్వు కాదు.

పల్లెలో ఇల్లు ఎంత చిన్నదైనా గోడ మాత్రం నిండుగా ఉండేది. మట్టిగోడకు సున్నం కొట్టి, అడుగున ఎర్రమన్ను పూసేవాళ్లు. పటాలన్నీ పైన వరసగా, మనిషి తలెత్తి చూసేట్టు కాస్త ముందుకు వాలి ఉండేవి. చర్చిలో ఇచ్చిన క్యాలెండరు, ఏసుప్రభువు పటం, కొత్త సంవత్సరం నాడు తీసుకున్న వాక్యం అట్ట, తిరువూరులో స్టూడియోలో నిలబడి దిగిన పెళ్లి ఫొటో, చనిపోయిన తాత ఫొటోకి వాడిపోయిన కాగితం దండ. వీటి నడుమ నీలం కోటు వేసుకున్న అంబేడ్కర్. గోడలో గూడు ఉంటే దీపమో బైబిలో అందులో. చిలక్కొయ్యకు చొక్కా. ఒక మూల నుంచి ఇంకో మూలకు దండెం. కట్టిన చీరలన్నీ దాని మీదే.

అంబేడ్కర్ పటం పల్లె గోడ మీదికి ఒక్కసారిగా రాలేదు. 1985 జూలై 17న కారంచేడు జరిగింది. దాని తర్వాత దళిత మహాసభ పుట్టింది. 1990లో అంబేడ్కర్‌కు భారతరత్న ఇచ్చారు. ఏప్రిల్ 12న పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన పటం ఆవిష్కరించారు. 1990-91లో శతజయంతి. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ ఆరేళ్లలో కోస్తా పల్లెల్లో విగ్రహాలు లేచాయి, వాటి వెంట ఇంటింటికీ పటాలు వచ్చాయి. చదువురాని మా అవ్వలు కూడా ఆ పటంలో ఉన్నదెవరో చెప్పగలిగారు. అంటే ఆ పటం గోడకు సొగసు కోసం పెట్టింది కాదు. ఇంట్లో చదువుకునే పిల్లకు ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టటం. మీరు దీన్నే అలంకరణ అనండి, నాకు అభ్యంతరం లేదు. పల్లెలో అలంకరణ అంటే మనవాళ్లెవరో గోడమీద చెప్పుకోవటమే.

మీరేమిట్లండీ?

అద్దెకు ఎవరు పోతారు? పల్లెలో సొంత ఇల్లున్న వాళ్లు పోరు. చదువుకుని ఉద్యోగం వచ్చినవాళ్లు పోతారు. టీచర్లు, ఏఎన్ఎంలు, బ్యాంకు ఉద్యోగులు, కానిస్టేబుళ్లు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక మన పిల్లలు ఎందరో ఊరుకాని ఊళ్లలో ఉద్యోగాలకు చేరారు. అక్కడ మాలపల్లె, మాదిగగూడెం ఉంటాయి గానీ వాటిల్లో అద్దెకిచ్చే ఇళ్లు తక్కువ. ఉన్నది ఉండటానికే చాలవు. కాబట్టి ఊళ్లోకి పోవాలి. ఊళ్లో ఖాళీ వాటా కొడుకులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో ఉంటుంది. ఆ ఇల్లు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడ మొదటి ప్రశ్న అద్దె గురించి ఉండదు. "మీరేమిట్లండీ?" అని. పట్నంలో ఇదే ప్రశ్న చుట్టుతిరిగి వస్తుంది. మీ ఇంటిపేరేంటి, మీ సొంతూరు ఎక్కడ, ఆ ఊళ్లో ఎటువైపు, మాంసం తింటారా, ఏ మాంసం తింటారు. బోర్డు మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాస్తే ప్రశ్న అడిగే పని కూడా తప్పుతుంది.

ఇది మన గోడు మాత్రమే అనుకునేవాళ్ల కోసం ఒక అధ్యయనం చెబుతాను. సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో అద్దె ఇళ్ల మీద పరిశోధన చేసి 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చువేశారు. ఒకే రకమైన చదువు, ఉద్యోగం చెప్పి, పేర్లు మాత్రం అగ్రకుల హిందువువి, దళితుడివి, ముస్లింవి పెట్టి ఓనర్లకు ఫోన్లు చేశారు. అగ్రకుల పేరుకు తలుపు తెరుచుకుంది. దళితుల్లో ప్రతి అయిదుగురిలో ఇద్దరికి సుమారుగా, అయితే ఇల్లు లేదన్నారు, లేదా అదనపు షరతులు పెట్టారు. ముస్లింల పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. ఈ అధ్యయనంలో మనం పట్టుకోవాల్సింది రెండో మాట. ఇల్లు ఇస్తూనే షరతు పెట్టటం. లేదు అన్నవాడు కనీసం కనిపిస్తాడు. ఇచ్చి షరతు పెట్టినవాడు మంచివాడిగా పేరు తెచ్చుకుంటాడు.

రెండు రకాల షరతులు

అందుకే షరతుల్ని విడదీసి చూడాలి. ఓనరు పెట్టే ప్రతి షరతూ కులం కాదు. ఇటుక గోడకు సిమెంటు పూత పల్చగా ఉంటే మేకు కొట్టినప్పుడు పెచ్చు ఊడుతుంది. మాటిమాటికీ కొడితే గోడ జల్లెడ అవుతుంది. కన్సీల్డ్ వైరింగ్ ఉన్న చోట స్విచ్ బోర్డుకు నిటారుగా పైన డ్రిల్లు వేస్తే ప్రాణానికే ముప్పు. ఇల్లు ఖాళీ చేశాక మళ్లీ రంగు వేయించాలంటే ఓనరుకు ఖర్చు. ఇట్లాంటి షరతులు గోడను చూసి పెట్టినవి. వీటిని గౌరవించాలి. మన ఇల్లు మనం అద్దెకిచ్చినా అదే అడుగుతాం.

రెండో రకం మనిషిని చూసి పెట్టేవి. వీటిని పోల్చుకోవటానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఒకటి, పక్క వాటాలో ఉన్న అగ్రకులం వాళ్లకీ ఇదే షరతు ఉందా? రెండు, వద్దంటున్నది మేకునా, దానికి తగిలించే పటాన్నా? మేకు లేకుండా బల్ల మీద నిలబెట్టినా వద్దంటే అది గోడ గొడవ కాదు. మూడు, ఈ షరతు ఇల్లు చూపించిన రోజు చెప్పారా, మన కులం తెలిసిన తర్వాత చెప్పారా? నాలుగు, షరతు ఇంటి లోపలికి వస్తుందా, వాకిలితో ఆగుతుందా? వంటింట్లో కూర వాసన దాకా వచ్చే షరతు ఇంటికి సంబంధించింది కాదు.

ఇక్కడ ఓనర్లు చెప్పే మాట ఒకటుంది. "మాకు కులం పట్టింపు లేదండీ, ఇంటి మీద ఏ గుర్తులూ వద్దు, అంతే." వినటానికి బాగుంటుంది. ఆ ఇంటికే ఒకసారి పోయి చూడండి. ద్వారబంధం మీద లక్ష్మీదేవిని చెక్కించి ఉంటుంది. గడపకు పసుపు, కుంకుమ. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ. గేటు మీద స్వస్తిక్. తూర్పు గది మూల దేవుడి అల్మారా, దానికి గంటల తలుపులు. ఇల్లు కట్టినప్పుడే గోడ తన మతం, తన ఆచారం చెప్పేసింది. వాళ్ల గుర్తు ఇంట్లో కలిసిపోయింది కాబట్టి అది గుర్తులాగా కనిపించదు. మన పటం ఒక్కటే గుర్తవుతుంది. శుక్రవారం గడపకు పసుపు రాయమని ఓనరు భార్య అద్దెకున్న క్రైస్తవ టీచరమ్మకు చెబితే అది ఇంటి శుభ్రం. ఆ టీచరమ్మ డిసెంబరులో వరండాకు కాగితం స్టారు కడితే అది మత ప్రచారం.

బరోడా సత్రం నుంచి రాజగృహ దాకా

అంబేడ్కర్ జీవితమంతా ఇంటి కోసం వెతుకులాట ఉంది. అమెరికా, ఇంగ్లండుల్లో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు దిగటానికి చోటు దొరకలేదు. చివరికి పార్సీ పేరుతో పార్సీ సత్రంలో చేరారు. ఆ అనుభవాన్ని తర్వాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే రచనలో రాశారు. మేడ మీద ఒక చిన్న గది, పక్కన పెద్ద హాలు నిండా విరిగిన కుర్చీలు, పాత బల్లలు, చెత్త. కరెంటు లేదు. సత్రం చూసేవాడు ఇచ్చే చిన్న హరికేన్ లాంతరు ఒకటి. మనుషుల అలికిడి లేని ఆ చోట పుస్తకాలతో కాలం గడిపారు. పదకొండో రోజు పార్సీలు కర్రలతో వచ్చి నిలదీసి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. హిందూ మిత్రుడినీ క్రైస్తవ మిత్రుడినీ అడిగితే ఇద్దరూ తప్పించుకున్నారు. ఒక పబ్లిక్ పార్కులో గంటలు గడిపి రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయారు.

దీన్ని అద్దె ఇంటి కోణం నుంచి చదవండి. పేరు మార్చుకుని గదిలో ఉన్న మనిషి ఆ గోడ మీద ఏం పెట్టగలడు? తన తండ్రి ఫొటో పెట్టలేడు. తన పేరున్న డిగ్రీ పెట్టలేడు. దొంగపేరుతో ఉన్న ఇంట్లో ఉత్త గోడే క్షేమం. వందేళ్లు దాటాక, ఇంటిపేరు మింగేసి 'ఓసీలమే' అని చెప్పి గది తీసుకున్న కోచింగ్ విద్యార్థి గోడ కూడా అట్లాగే ఉత్తగా ఉంటుంది. ఎవరన్నా వస్తే పెట్టెలో పుస్తకాలు ఏమున్నాయో కనపడకుండా తువ్వాలు కప్పుతాడు.

తర్వాత అంబేడ్కర్ బొంబాయి పరేల్‌లో బీఐటీ చాల్ గదుల్లో చాలా ఏళ్లు ఉన్నారు. 1930ల తొలి సంవత్సరాల్లో దాదర్ హిందూ కాలనీలో సొంత ఇల్లు కట్టుకుని రాజగృహ అని పేరు పెట్టారు. ఆ ఇంటిని ప్రధానంగా పుస్తకాల కోసం కట్టారు. చేతికి సొంత గోడ వచ్చినప్పుడు ఆయన దాన్ని పుస్తకాలతో నింపారు. అయినా 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాక ఢిల్లీలో ఉన్న అలీపూర్ రోడ్డు 26వ నంబరు ఇల్లు సొంతం కాదు. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూసింది ఆ ఇంట్లోనే.

ముందు గది, వెనక గది

షరతుల కింద బతికే ఇంట్లో రెండు గోడలు తయారవుతాయి. ముందు గదిలో ఓనరుకు కనిపించే గోడ. అక్కడ పూలబొమ్మ, జలపాతం బొమ్మ, పిల్లల మెడల్సు. వెనక గదిలో మన గోడ. అక్కడ ప్రభువు, బాబాసాహెబ్, అమ్మానాన్నలు. అద్దె తీసుకోవటానికో మోటారు చూడటానికో ఓనరు లోపలికి వస్తే వెనక గది తలుపు దగ్గరకు వేస్తారు.

ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతుంది. పటం ఎక్కడ పెట్టాలో ఆమే ఆలోచించాలి, కూర వాసన బయటికి పోకుండా ఆమే కిటికీ మూయాలి, పండగకు చర్చికి పోతూ ఎక్కడికని అడిగితే ఆమే జవాబు చెప్పాలి. ఓనరు భార్య ముందు రోజంతా ఉండేది ఆమే. మగాడు పొద్దున పోయి రాత్రి వస్తాడు. మన ఉద్యమాల్లో ఆత్మగౌరవం గురించి మాట్లాడే మగవాళ్లం ఈ లెక్క వేయటం లేదు. బయట విగ్రహానికి దండ వేసి వచ్చినవాడి ఇంట్లో పటం బీరువా వెనక ఉందంటే దాన్ని అక్కడ దాచే పని రోజూ ఎవరు చేస్తున్నారో చూడాలి.

పిల్లలూ అడుగుతారు. తాతయ్య ఇంట్లో ముందు గదిలో ఉన్న పటం మనింట్లో లోపల ఎందుకుంది అని. తల్లిదండ్రులు ఏం చెప్పినా పిల్ల నేర్చుకునేది ఒకటే. కొన్ని సంగతులు దాచాలి అని.

క్రైస్తవులుగా బతుకుతున్న దళితులకు ఈ దాపరికం రెండింతలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లు బీసీ-సి. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఎస్సీ సర్టిఫికెట్ కోరటం కుదరదంది. అంటే గోడ మీది ఏసు పటం ఓనరుకు ఒక సాక్ష్యం, ప్రభుత్వానికి ఇంకో సాక్ష్యం. ఓనరు దృష్టిలో ఆ పటం ఉన్న ఇల్లు మాల మాదిగల ఇల్లే. సర్కారు దృష్టిలో అదే పటం ఉంటే ఎస్సీ కాదు. ఒకే మేకుకు రెండు వైపుల నుంచీ దెబ్బ.

చట్టం ఏమంటుంది

చట్టాన్ని ఎక్కువ చేసి చెప్పుకోకూడదు, తక్కువ చేసీ వదిలేయకూడదు.

రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల గురించి చెబుతుంది. అద్దె ఇంటి పేరు అందులో లేదు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వం పార్సీలకే అన్న సొసైటీ నియమాన్ని నిలబెట్టింది. ఆ తర్కం మన మీద ఎట్లా పడుతుందో చెప్పక్కర్లేదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసాలకు డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదంది. కులం చూసి ఇల్లు నిరాకరించటం గురించి మాట్లాడలేదు.

అయితే మనవాళ్లు మరిచిపోయిన చట్టం ఒకటుంది. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి, 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది. దాని 4వ సెక్షను, అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోకుండా, సంపాదించకుండా, అందులో ఉండకుండా ఆటంకపెడితే నేరమంటుంది. 7వ సెక్షను వివరణలో, వెలివేయటం అంటే ఏమిటో చెబుతూ ఇల్లు అద్దెకివ్వకపోవటాన్ని పేరు పెట్టి చేర్చింది. 12వ సెక్షను ఇంకా ముఖ్యం. బాధితులు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటివాడు. శిక్ష తక్కువే. నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వంద నుంచి అయిదొందలు. కాని అద్దె ఇంటిని ఇంత సూటిగా పేర్కొన్న చట్టం ఇది.

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 3(1)(టి), ఎస్సీ ఎస్టీలు గౌరవించే వస్తువును ధ్వంసం చేసినా అపవిత్రం చేసినా నేరమంది. వస్తువు అంటే విగ్రహం, ఫొటో, చిత్రపటం అని వివరణ ఇచ్చింది. కాబట్టి ఓనరు పటం పీకి పారేస్తే, పగలగొడితే ఈ సెక్షను వర్తిస్తుంది. పెట్టొద్దని చెప్పినంత మాత్రాన వర్తించదు. ఇంట్లోంచి బలవంతంగా వెళ్లగొట్టటం మీద 3(1)(జెడ్) ఉంది. ఇంకో చిక్కు కూడా తెలుసుకోవాలి. కులం పేరుతో తిట్టటం 'ప్రజలకు కనిపించే చోట' జరగాలి. 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగితే ఆ సెక్షను కింద రాదంది. అద్దె ఇంట్లో అవమానం జరిగేది నాలుగు గోడల మధ్యే కదా.

ఇక గోడ సంగతి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అద్దెకున్న మనిషికి ప్రశాంతంగా అనుభవించే హక్కు ఉంది. తను బిగించినవి ఖాళీ చేసేలోపు తీసుకుపోవచ్చు, అయితే ఇంటిని తీసుకున్నప్పుడున్నట్టు అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల దీంట్లో లెక్కకు రాదు. అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. అంబేడ్కర్ పటం శాశ్వత కట్టడమని ఏ కోర్టూ అనదు.

అమెరికాలో నల్లవాళ్లు ఇదే పోరాటం చేశారు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకమైంది. అది జాతిని బట్టి ఇల్లు నిరాకరించటాన్నే కాక, అద్దె షరతుల్లో తేడా చూపటాన్ని కూడా నిషేధించింది. అందులోనూ ఒక కన్నం ఉంది. ఓనరు తానే ఉంటూ నాలుగు వాటాల లోపు అద్దెకిచ్చే ఇంటికి చాలావరకు మినహాయింపు ఇచ్చారు. మన ఊళ్లలో మేడ మీద ఓనరు, కింద అద్దెవాళ్లు ఉండే ఇళ్లన్నీ ఆ కన్నంలోనే పడతాయి. రేపు మనం చట్టం అడిగేటప్పుడు షరతుల మాట చేర్చాలి, ఆ కన్నం లేకుండా చూడాలి.

గోడ పాడవకుండా, తల వంచకుండా

చట్టం వచ్చేదాకా ఇంట్లో ఉండక తప్పదు. ఓనరుకు గోడ పేరుతో గొడవకు వీలు లేకుండా చేసుకుంటే, ఆ తర్వాత కూడా అభ్యంతరం చెప్పేవాడి అసలు అభ్యంతరం బయటపడుతుంది. అందుకని కొన్ని పనికొచ్చే సంగతులు.

ఇంట్లో చేరిన రోజే ప్రతి గోడకు ఫొటో తీయండి. ఉన్న మేకులు, పగుళ్లు, చెమ్మ మరకలు కనిపించాలి. వాటిని అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తేదీ దానికదే పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టబోతే ఈ ఫొటోలే సాక్ష్యం.

కొత్త మేకు కొట్టేముందు ఉన్నవాటిని వాడండి. ఒక మేకు నుంచి గట్టి తాడు వేలాడదీసి ఒకదాని కింద ఒకటి మూడు పటాలు కట్టొచ్చు. వెంటిలేటరు కడ్డీ, కిటికీ ఊచ కూడా మేకు పనే చేస్తాయి. పాత ఇళ్లలో గూళ్లు, చిలక్కొయ్యలు ఉంటే అదృష్టం. ఇనుప బీరువా తలుపు మీద అయస్కాంతాలతో కాగితం పటాలు, పిల్లల బొమ్మలు నిలుస్తాయి. ఫ్రేము కట్టిన పటాన్ని పుస్తకాల అరమీదో టీవీ బల్లమీదో గోడకు ఆనించి నిలబెట్టొచ్చు. పెద్ద ఈతచాప నిలువుగా ఆనించి, దానికి గుండుసూదులతో ఫొటోలు గుచ్చితే గోడను ముట్టుకోకుండానే ఒక గోడ తయారవుతుంది. ఖాళీ చేసేటప్పుడు చుట్టి చంకన పెట్టుకుని పోవచ్చు.

జిగురు కొక్కేలు టైల్సుకు, ఆయిల్ పెయింటుకు పట్టుకుంటాయి. సున్నం గోడకు, డిస్టెంపరుకు పట్టవు. పట్టినా పీకేటప్పుడు రంగు పొరను లాక్కొస్తాయి. అద్దం వేసిన బరువైన ఫ్రేముకు వాటిని నమ్ముకోవద్దు. మేకు తప్పనిసరైతే సన్నని స్టీలు మేకు ఒకటి చాలు. ఖాళీ చేసే ముందు కన్నంలో పుట్టీ కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అదే రంగు చుక్క అద్దితే ఆనవాలు పెద్దగా కనపడదు. రంగు నంబరు ఓనరును ముందే అడిగి రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం కాగితం. ఏడాదికి మించిన అద్దెకు రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి ఒప్పందాలు పదకొండు నెలలకు రాస్తారు. అందులో ఒక్క వాక్యం చేర్చమని అడగండి: "అద్దెకున్నవారు గోడలకు శాశ్వత నష్టం లేకుండా తమకు ఇష్టమైన పటాలు పెట్టుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు కన్నాలు పూడ్చి ఇవ్వాలి." గోడ గురించి మాత్రమే బాధపడే ఓనరు దీనికి సంతోషంగా సంతకం పెడతాడు. పెట్టనివాడు ఎందుకు పెట్టలేదో మనకూ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది.

వెలివాడ

ప్రభుత్వం కట్టిన విశ్వవిద్యాలయ హాస్టలు గది కూడా ఒక రకం అద్దె గదే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలు నుంచి వెలేస్తే, 2016 జనవరి మొదట్లో వాళ్లు సామాను తీసుకుని బయటికొచ్చారు. ఆ రోజు రోహిత్ వేముల చేతుల్లో పెద్ద అంబేడ్కర్ పటం ఉన్న ఫొటో దేశమంతా చూసింది. క్యాంపస్‌లో ఆరుబయట వేసుకున్న గుడారానికి వాళ్లు వెలివాడ అని పేరు పెట్టారు. ఫ్లెక్సీలే గోడలు. ఆ గోడల మీద మన పెద్దల బొమ్మలు. జనవరి 17న రోహిత్ చనిపోయాడు. గది పోయిన మనిషి ముందుగా చేతిలోకి తీసుకున్నది ఆ పటం. ఇల్లు అంటే మనకు ఏమిటో దానికంటే వివరంగా చెప్పటం నాకు చేతకాదు.

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. ఆ చుట్టుపక్కల వీధుల్లో అద్దె గదుల్లో ఉండే మన పిల్లల్లో ఎందరు ఒక అడుగు పటాన్ని ముందు గదిలో పెట్టుకోగలుగుతున్నారు? విగ్రహం పెట్టిన పార్టీలకు ఈ ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది, పెట్టని పార్టీలకూ ఇబ్బందే.

ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గరే లేదు, ఎందుకంటే ఎవరూ లెక్క తీయలేదు. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు ఈ పని చేయొచ్చు. తిరువూరు లాంటి ఒక పట్టణం తీసుకుని, టూ-లెట్ బోర్డు ఉన్న ఇళ్లకు ఇద్దరిద్దరు చొప్పున పోవాలి, ఒకరు మనవాళ్లు, ఇంకొకరు అగ్రకుల మిత్రులు. ఇద్దరికీ చెప్పిన అద్దె, అడ్వాన్సు, షరతులు విడివిడిగా రాసుకోవాలి. తేడా వచ్చిన ప్రతిచోటా తేదీతో సహా నమోదు చేయాలి. నిరాకరణ సూటిగా ఉన్న చోట 1955 చట్టం కింద ఫిర్యాదు ఇవ్వాలి. ఒక కేసు గెలిచినా ఓడినా, ఇల్లు అద్దెకివ్వటం ఓనరు ఇష్టాయిష్టాల వ్యవహారమనే మాట కోర్టు ముందుకు వస్తుంది. సంఘాల్లో ఉన్నవాళ్లు తమ ఇళ్లు అద్దెకిచ్చేటప్పుడు పైన చెప్పిన వాక్యం తామే ముందు రాసివ్వాలి. మనలో మాలా మాదిగా తేడాలు చూసి వాటాలు ఇచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ లెక్క కూడా అదే పుస్తకంలో రాయాలి.